పత్తికట్టెల వెంట వచ్చిన తెల్లపురుగు

మహేశ్వరం దాటి నాలుగు కిలోమీటర్లు పోతే ఎడమచేతి వైపు ఒక గుట్ట ఉంది. గుట్ట చుట్టూ చిన్న అడవి, అడవి అంచున వన సంరక్షణ సమితి వాళ్ళ టేకు నర్సరీ. ఆ నర్సరీకి కాపలా మనిషి, నీళ్ళు పోసే మనిషి, కలుపు తీసే మనిషి అన్నీ ప్రేమమ్మే. 2012 ఫిబ్రవరిలో ఒక సోమవారం పొద్దున్న ఆమె పైపు పట్టుకుని ఎనిమిదో మడి దగ్గరికి వచ్చేసరికి నాలుగు మొక్కల మీద బియ్యప్పిండి చల్లినట్టు కనిపించింది.

"మళ్ల ఏదో చల్లిపోయిన్రు," అని గొణుక్కుంది.

ఆమె అలా అనుకోవడంలో వింత లేదు. పక్క చేనును గోవర్ధన్ అనే అతను కౌలుకు తీసుకుని పచ్చగూడు క్యాంపు అని పెట్టి అప్పటికి ఏడాది. శని, ఆదివారాల్లో ఆఫీసుల వాళ్ళు, విమానాశ్రయంలో పనిచేసేవాళ్ళు గుంపులుగా వచ్చేవారు. డేరాలు వేసుకుని, సాయంత్రం నెగడు చుట్టూ కూర్చుని పాటలు పాడుకుని, మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవారు. వాళ్ళు పోయాక సోమవారమంతా ప్రేమమ్మకు ఏరుడు పనే. చిప్సు కవర్లు, కోడి బొక్కలు, పుట్టినరోజున ఎగరేసే మెరుపు కాగితాలు. టేకు మొక్క సంచిలో ఐస్‌క్రీం పుల్లలు గుచ్చి పోయినవాళ్ళున్నారు. "ఆంటీ, ఆ బిందె నడుం మీద పెట్టుకుని ఒక్కసారి ఇటు చూడండి" అని ఫొటో అడిగిన అమ్మాయికి, "నేనేమన్న బొమ్మనా బిడ్డా, నీళ్లు ఒలుకుతున్నయ్, జరుగు" అని చెప్పి దారి చేసుకుని పోయింది ప్రేమమ్మ.

కానీ ఈసారి పిండి నీళ్ళకు పోలేదు. బొటనవేలితో గీకితే పసుపుపచ్చగా చితికి, జిగురుగా అంటుకుంది. కాండం మీదుగా చీమలు బారు కట్టి పైకీ కిందికీ తిరుగుతున్నాయి. ప్రేమమ్మ పైపు కింద పడేసి మడి గట్టు మీద కూర్చుండిపోయింది.

మొక్కల సంగతి ఆమెకు ఎవరూ బడిలో చెప్పలేదు. 2008లో, విమానాశ్రయం తెరిచిన ఏడు, శంషాబాద్ రోడ్డు నడుమ మొక్కలు నాటే కూలీల గుంపులో చేరింది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్ళు. నాటినవాళ్ళందరి మొక్కలూ ఎండకు వాలిపోతుంటే ఆమె వరుస మాత్రం నిలబడేది. ఎందుకంటే మేస్త్రీ కేకలు పెడుతున్నా సరే, సంచి పూర్తిగా చింపి, వేరు చుట్ట విప్పిగానీ గుంతలో పెట్టేది కాదు. "నీ ఒక్కదానికోసం ట్యాంకరు ఆగాల్నా?" అని మేస్త్రీ అరిస్తే, "నీ ట్యాంకరు పొయ్యేది సచ్చిన మొక్కకే గదా, ఆగితే ఏమైతది?" అనేది. ఆ నోటి వల్ల రెండుసార్లు పని పోయింది. ఆ చేతి వల్ల రెండుసార్లూ మళ్ళీ పిలిచారు. రెండేళ్ళ తర్వాత సొంత ఊళ్ళో సమితి నర్సరీ పెడితే అధ్యక్షుడు ఐలయ్య వెతుక్కుంటూ వచ్చి ఆమెను పెట్టుకున్నాడు.

ఆ సోమవారం ఆమె మొదట పోయింది ఐలయ్య దగ్గరికే. ఆయన కిరాణా దుకాణం ముందు పేపరు చదువుతున్నాడు.

"ఐలన్నా, ఎనిమిదో మడిల తెల్లపురుగు పడ్డది. జర వచ్చి చూడు."

"మంచు పడ్డదేమోనే."

"ఫిబ్రవరిల, పది గంటల ఎండల, నాలుగు మొక్కల మీదనే మంచు పడతదా?"

"సబ్బునీళ్లు కొట్టు, అదే పోతది," అని పేపరు తిరగేశాడు ఐలయ్య.

ప్రేమమ్మ సబ్బునీళ్ళు కొట్టింది. రెండు రోజుల్లో నాలుగు మొక్కలు నలభై అయ్యాయి. చిగుళ్ళు ముడుచుకుని గుప్పిట మూసినట్టు అయిపోయాయి. ఇదంతా ఎక్కడి నుంచి వస్తోందో తెలియక ఆమె చీమల బారు వెంబడి పోయింది. బారు మడి గట్టు దాటింది, ముళ్ళకంచె కింద నుంచి దూరింది, కంచె అవతల వయ్యారిభామ కలుపు మీదుగా సాగి, క్యాంపు వాళ్ళ పెద్ద కట్టెల కుప్ప దగ్గర ఆగింది. అవి పత్తికట్టెలు. పత్తి ఏరడం అయిపోయాక చేలోంచి పీకేసిన మోళ్ళు. రేకుల షెడ్డంత ఎత్తున పేర్చి పైన టార్పాలిన్ కప్పారు. ఒక కట్టె లాగి చూస్తే, కొమ్మల చీలికల్లో దూదిలాగా అదే తెలుపు.

క్యాంపు కాపలా మనిషి బాలమల్లు వేపపుల్ల నములుతూ వచ్చాడు.

"ఈ కట్టె ఏడికెళ్లి వచ్చింది బాలమల్లూ?"

"ఏంది అక్కా, నన్ను అడుగుతవ్? మీ మార్కన్ననే ఏస్తడు గదా, వారం వారం."

ప్రేమమ్మ చేతిలోని కట్టెను కుప్ప మీదికే విసిరింది. మార్కు అంటే ఆమె భర్త.

మార్కుకు ట్రాలీ ఆటో ఉంది. మహేశ్వరం నుంచి కల్వకుర్తి వైపు పల్లెలకు పైపులు, సిమెంటు బస్తాలు వేసుకుపోతాడు. వచ్చేటప్పుడు ఖాళీ బండి తేవడం ఆయనకు ఇష్టం ఉండదు. ఆ మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ప్రేమమ్మ పళ్ళెం ముందు పెట్టి, అన్నం గిన్నె మాత్రం తన దగ్గరే పెట్టుకుంది.

"ఆ పత్తికట్టె ఏ ఊర్ల నుంచి తెస్తున్నవ్?"

"చానా ఊర్లు. ఎందుకే?"

"అంత కట్టె వాళ్లెందుకు ఇస్తున్నరు నీకు? వాళ్లకు పొయ్యిలు లేవా?"

"ఊకెనే ఇస్తున్నరే. పత్తంతా తెల్లపురుగు తాకి పాడైందంట. చేను ఖాళీ అయితె చాలు, తీస్కపో అన్నరు." చెబుతూ చెబుతూ మార్కు సగంలో ఆగాడు. భార్య ముఖం చూశాడు. "నాకేం ఎరుక? కట్టె అంటే కట్టెనే గదా."

"పాడైన చేను నుంచి పురుగును బండిల కూసోవెట్టి, నా మడి పక్కన దించినవ్. ఇంక ఏం తెల్వాలె నీకు?"

"నాకు జర అన్నం పెట్టు, తర్వాత తిట్టు."

తిట్టడానికి ఆమెకు తీరిక లేదు. మర్నాడు పురుగు పట్టిన కొమ్మను రెండు ప్లాస్టిక్ కవర్లలో గట్టిగా ముడివేసి, రాజేంద్రనగర్ బస్సెక్కింది. వ్యవసాయం చదువు చెప్పేచోట పురుగుల సంగతి తెలిసినవాళ్ళుంటారని రోడ్డు పనిలో ఉన్నప్పుడు విన్నది. గేటు దగ్గర ఎవరు కావాలని అడిగితే "పురుగుల సారు" అంది. ఒక గదిలో ఇది కాదన్నారు, రెండో గదిలో భోజనానికి వెళ్ళారన్నారు, మూడో గదిలో ఒకాయన కవరు చూసి కుర్చీ వెనక్కి జరుపుకుని "బయట పెట్టమ్మా, బయట" అన్నాడు. "బయటనే పెట్టొస్తే రాజేంద్రనగర్ మొత్తం పాకుతది సారూ," అంది ప్రేమమ్మ. విసుగుతో ఆమె గొంతు పెరిగింది. ఆ గొంతు విని పక్క గదిలోంచి ఒకావిడ బయటికి వచ్చింది. పేరు పూర్ణిమ. కోస్తా వైపు మనిషి. కీటకాల మీదే ఆవిడ పని.

"కవరు మధ్యలో ఎక్కడా విప్పలేదు కదండీ?"

"లేదు మేడమ్. బస్సుల కూడ ఒళ్లోనే పెట్టుకున్న."

"చాలా మంచి పని చేశారు. చదువుకున్నవాళ్ళే చేతిలో ఊపుకుంటూ తెస్తారు." పూర్ణిమ భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. "ఇది పిండినల్లి అండీ. మన దేశానిది కాదు, సముద్రం అవతలి నుంచి వచ్చి నాలుగేళ్ళయింది. బొప్పాయిని, పత్తిని పీల్చేస్తోంది. టేకునూ వదలదు. దీంట్లో ఆడపురుగుకు రెక్కలుండవు. ఎక్కువ దూరం దానంతట అది పోలేదు."

"మరి ఇంత దూరం ఎట్లొచ్చింది?"

"మనమే మోస్తున్నాం. కట్టెలతో, పండ్ల గంపలతో, బట్టలకు అంటించుకుని. మీ దగ్గర పిల్ల మొక్కలతో ఆగదు, అడవిలోకి కూడా పాకుతుంది."

ఏం చేయాలో ఆవిడ ఓపికగా చెప్పింది. కట్టెల కుప్పను కదిలించకుండా ఉన్నచోటే కాల్చేయాలి. బాగా పట్టిన మొక్కలు పీకి కాల్చాలి. ఘాటు మందులు కొట్టకూడదు, ఎందుకంటే ఈ పురుగులో గుడ్లు పెట్టి దాన్ని చంపే చిన్న కందిరీగలాంటి ఈగలున్నాయి, కొన్ని వారాల్లో తాను తెప్పించి ఇస్తానంది. మందు కొడితే ముందు చచ్చేది ఆ ఈగలే.

ప్రేమమ్మ బస్సు దిగి నేరుగా క్యాంపుకు పోయింది. గోవర్ధన్ తెల్ల చొక్కా వేసుకుని డేరాలకు రంగు జెండాలు కట్టిస్తున్నాడు. మాట తీరు మంచిదే, అన్నిటికీ "అయిపోతది అక్కా" అంటాడు. అదే ఆమెకు ఒళ్ళు మండించేది.

"కుప్ప మొత్తం ఈ రోజే కాల్చాలె, గోవర్ధన్ సారూ."

"ఎట్లాగూ కాల్చేదే గద అక్కా. నాలుగు శనివారాలల్ల అయిపోతది."

"నాలుగు శనివారాలు మోపు మోపు తీసి చేనంతా ఈడుస్తరు. వచ్చినోళ్ల బట్టలకు అంటుకుని ఎవలి ఇంటికి వాళ్లు తీస్కపోతరు. ఉన్నకాడ, ఒక్కపారే కాల్చాలె."

"ఎల్లుండి నలభై మంది వస్తున్నరు, ఎయిర్‌పోర్టు నుంచి. అంత మసి గడ్డ మీద వాళ్లను కూసోవెట్టాల్నా? సరే అక్కా, నువ్వు పో. నేను చూస్కుంట. అయిపోతది."

శుక్రవారం మధ్యాహ్నం మడిలో మొక్కలు పీకుతుంటే ట్రాక్టరు చప్పుడు వినిపించింది. ప్రేమమ్మ తలెత్తి చూసింది. కుప్ప ఉన్నచోట ఖాళీ. ట్రాక్టరు అడవి లోపలి నుంచి ఖాళీ ట్రాలీతో తిరిగి వస్తోంది. దారి పొడుగునా పత్తికట్టెలు రాలి ఉన్నాయి. గోవర్ధన్ చూసుకోవడం అంటే అదన్నమాట. వచ్చేవాళ్ళ కంటికి కనబడకుండా కుప్పను తీసి, గుట్ట కింద పెద్ద టేకు చెట్ల నడుమ దాచాడు.

ఆమె చేతిలో మట్టి అట్లాగే ఉంది. ట్రాక్టరుకు అడ్డంగా నిలబడింది. డ్రైవరు హారను కొట్టాడు. గోవర్ధన్ పరుగెత్తుకొచ్చాడు, కబురు తెలిసి ఐలయ్య కూడా వచ్చాడు.

"నేను కదిలియ్యొద్దన్న. నువ్వు కదిలిచ్చి తీస్కపోయి అడివిల పోసినవ్!"

"అక్కా, అడివిల ఎన్ని పురుగులుండవు? అండ్ల ఇదొకటి."

"ఏడ కాల్చాలె ఇప్పుడు దాన్ని? కింద మోకాలెత్తు ఎండుటాకు ఉన్నది. అగ్గిపుల్ల గీస్తే గుట్ట మొత్తం పోతది. ఉంచితే పురుగుతోని పోతది. చెప్పు, ఎట్ల పోవాలె గుట్ట?"

గోవర్ధన్ ఐలయ్య వైపు చూశాడు. ఐలయ్య "అరె, గింతదానికి లొల్లి ఎందుకు" అనబోయాడు. ప్రేమమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఎనిమిదో మడి దగ్గరికి తీసుకుపోయింది. ఎనిమిది, తొమ్మిది, పది: మొత్తం మూడు మడులు. పీకి కుప్పవేసిన మొక్కలు. ఒక్కో మొక్కా జానెడు పెరిగింది, ఒక్కోదానికి రెండు పూటలా నీళ్ళు పోసింది తను. ఐలయ్య వంగి ఒకటి తీసుకున్నాడు. తెల్లటి జిగురు వేళ్ళకు అంటింది. పంచెకు తుడుచుకున్నా పోలేదు.

"మంచు అనుకున్న," అన్నాడు చివరికి.

"అనుకున్నవ్. లేచి రాలేదు."

శనివారం మూడు గంటలకు బస్సులో నలభై మంది దిగారు. సామాను విమానం ఎక్కించే విభాగంలో పనిచేసే జంటలు, ఒంటరి కుర్రకారు. గోవర్ధన్ వాళ్ళకు నిమ్మరసం ఇవ్వకముందే ప్రేమమ్మ వాళ్ళ ముందుకు వచ్చి నిలబడింది. ఉపన్యాసం ఆమెకు రాదు. కవర్లో కట్టిన పత్తికట్టెను ఎత్తి చూపించింది.

"ఈ పురుగు మనం మోస్తెనే వస్తది. మా ఆయన మోసిండు, ఈ సారు మోసిండు. ఇప్పుడు అది అడివిల ఉన్నది. మాకు చేతులు చాలుతలేవు. మీరు ఆట ఆడుడు ఒక గంట ఆపి, సంచులల్ల నింపి మూతి కడితె, ఈ చేను నడుమ గుంతల కాలుస్తం. ఇష్టం లేనోళ్లు బస్సుల కూసోండ్రి."

బస్సులో ఎవరూ కూర్చోలేదు. అదే ఆమె ఊహించనిది. ఒకాయన మాత్రం గోవర్ధన్‌ను పక్కకు పిలిచి, "ఇది ప్యాకేజీలో ఉందా?" అని అడిగాడు. గోవర్ధన్ నోరు తెరిచేలోపు ప్రేమమ్మ "ఉన్నది" అని ఖాళీ యూరియా సంచి చేతికిచ్చింది.

ఆ తర్వాత ఆమె సహనానికి వచ్చిన పరీక్ష మామూలుది కాదు. నింపమంటే సంచులు పట్టుకుని పందేలు వేసుకున్నారు. కట్టెలు ఈడ్వద్దని చెబితే ఇద్దరు మోపు నెత్తిన పెట్టుకుని ఫొటో దిగారు. "కిందికి దించు! నెత్తికెల్లి మెడలకు పాకుతది!" అని అరిస్తే, కెవ్వుమని మోపు విసిరేసి కొంగులు, కాలర్లు దులుపుకుంటూ గంతులేశారు. ఒకామె ప్రతి అరగంటకు "ఆంటీ, అది ఎగరదు కదా?" అని అడిగింది. నాలుగోసారి ప్రేమమ్మ దణ్ణం పెట్టింది. అయినా చేతులు చేతులే. బాలమల్లు, ఐలయ్య, మార్కు కూడా దిగారు. మార్కు అడవి దారి పొడుగునా రాలిన పుల్లలను ఒక్కొక్కటిగా వంగి ఏరుకుంటూ వచ్చాడు. సాయంత్రం ఆరింటికి ఆఖరి సంచి గుంతలో పడింది. నర్సరీ పైపు పక్కనే సిద్ధంగా పెట్టుకుని నిప్పు పెట్టారు. పీకిన టేకు మొక్కలు కూడా అందులోనే వేసింది ప్రేమమ్మ. వాటిని వేసేటప్పుడు మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మంట చుట్టూ చేరినవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో ఆమెకు అర్థం కాలేదు.

వారం తిరక్కముందే క్యాంపు గేటుకు కొత్త ఫ్లెక్సీ వచ్చింది: 'పచ్చగూడు: అడవిని కాపాడే వినోదం'. ప్రేమమ్మ దాన్ని చూసి గోవర్ధన్‌తో రెండు రోజులు మాట్లాడలేదు.

ఏప్రిల్‌లో పూర్ణిమ కబురు పెట్టింది, ఈగలు వచ్చాయని. చిన్న గాజు గొట్టాల్లో, మూతికి గుడ్డ కట్టి, చూస్తే మిరియపు దుమ్ములా ఉన్నాయి. వాటిని తేవడానికి మార్కే పోయాడు. ఎండ తగలకూడదని చెబితే పెట్టె మీద తడిగుడ్డ కప్పి, పెండ్లికూతుర్ని తెచ్చినట్టు రాజేంద్రనగర్ నుంచి మహేశ్వరం దాకా మెల్లగా నడిపాడు. వెనక బండ్లవాళ్ళు ఎన్ని హారన్లు కొట్టినా వేగం పెంచలేదట. ఈగలను మడుల్లోనూ, గుట్ట కింది చెట్ల దగ్గరా వదిలారు. నెల రోజులు ఏమీ కనబడలేదు. ప్రేమమ్మ ఫోన్ చేసి మేడమ్‌ను సతాయించింది. జూలై వానల తర్వాత తెల్ల ముద్దలు ఎండిపోయి, ఒక్కోదానికి సూదితో పొడిచినట్టు చిల్లు కనిపించడం మొదలైంది. ఈగ పిల్ల బయటికి వచ్చిన దారి అది. పురుగు మొత్తంగా పోలేదు. అంచున ఉన్న పదిహేను చెట్ల చిగుళ్ళు మాడిపోయాయి. గుట్ట మీదికి మాత్రం పాకలేదు.

పురుగు కన్నా మనుషులతోనే ఆమెకు ఎక్కువ పనైంది. క్యాంపుకు కట్టె ఇకపై ఊరి కుంటలోనే కొట్టాలని ఐలయ్యతో సమితి చేత తీర్మానం చేయించింది. కుంట నిండా సర్కారు తుమ్మ. అదీ ఎక్కడి నుంచో వచ్చి కుంటను మింగిన చెట్టే. మార్కు దాన్ని కొడుతూ, ముళ్ళు గుచ్చుకుని, టైర్లు పంక్చరై, "పత్తికట్టెనే నయముండె" అని గొణిగేవాడు. అంటూ నాలుక కరుచుకునేవాడు. శనివారం మధ్యాహ్నం ప్రేమమ్మ క్యాంపు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కార్ల డిక్కీలు తెరిపించేది.

"ఇది మా ఫామ్‌హౌసు మామిడి కట్టె అండీ, శుభ్రమైనది."

"శుభ్రమో కాదో చెట్టుకు తెల్వదు సారూ. వాపస్ తీస్కపో."

"ఇంత దూరం మోసుకొచ్చాం!"

"అదే గద నేను చెప్పేది, మోస్కరావద్దనే."

కోపంతో తిరిగి పోయినవాళ్ళున్నారు. ఐలయ్యకు ఫిర్యాదు చేసినవాళ్ళున్నారు. "ఆమెతోని నేనే పెట్టుకోను, మీకెందుకు సారూ," అనేవాడు ఆయన.

2014లో చేను యజమాని ప్లాట్లు వేయడంతో గోవర్ధన్ క్యాంపును కందుకూరు వైపు మార్చుకున్నాడు. ఆ జూలైలో నర్సరీ నుంచి పద్దెనిమిది వందల టేకు, వేప, కానుగ మొక్కలు గుట్ట మీదికి ఎక్కాయి. గుంత గుంతకూ ప్రేమమ్మ పోయి, సంచి పూర్తిగా చింపారా లేదా చూసి, సగం మందిని తిట్టింది. ఆ పనిలో ఉండగానే గోవర్ధన్ ఫోన్ చేశాడు. కొత్త చోట మందార కంచె మీద ఏదో తెల్లగా కనబడుతోందట, ఒక్కసారి వచ్చి చూడమని.

"కట్టె ఏడికెళ్లి తెచ్చినవ్?" అంది ఆమె.

గోవర్ధన్ ఊరి పేరు చెప్పలేదు. "అయిపోతది అక్కా, నువ్వొస్తే చాలు" అన్నాడు.

ప్రేమమ్మ ఫోన్ పెట్టేసి, బురద కాళ్ళతోనే పక్క గుంత దగ్గరికి పోయింది. ఈ మనుషులకు ఎన్నిసార్లు చెప్పాలి అని ఎవరితోనో అన్నట్టు పైకే అంది. రెండు రోజుల్లో నాటడం ముగిశాక, రెండు ప్లాస్టిక్ కవర్లు మడిచి కొంగున ముడివేసుకుని, మార్కు ట్రాలీ ఎక్కి కందుకూరుకు బయలుదేరింది. దారంతా తిడుతూనే ఉంది. మార్కు బండి మెల్లగా నడిపాడు.